ర్యామ్ ఖాళీగా ఉండాలా, నిండాలా? కంప్యూటర్ మెమరీపై రెండు వాదాలు, మన ఇళ్ల అలవాట్లు

ఇంట్లో కంప్యూటర్ నెమ్మదించిందంటే సలహాలకు కొదవ ఉండదు. పక్కింటి కుర్రాడు "ర్యామ్ పెంచుండ్రి భాయ్" అంటాడు. రిపేర్ షాపాయన "ఫార్మాట్ కొడితే సాఫ్ అయితది" అంటాడు. హైదరాబాద్‌లో ఉన్న మామూజాన్ కొడుకు ఫోన్‌లోనే "క్రోమ్‌లో అన్ని ట్యాబ్‌లు ఎందుకు తెరుస్తరు, మూసేయండి" అంటాడు. ఇంకొకరు "పాతదైపోయింది, కొత్తది తీసుకోండి" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఈ నాలుగు సలహాల ఖర్చు నాలుగు రకాలు. ట్యాబ్ మూస్తే పైసా ఖర్చు లేదు, కొత్త ల్యాప్‌టాప్ అంటే కొన్ని నెలల జీతం.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి, వాటి చుట్టూ ఇంటర్నెట్ సెంటర్లు, మీసేవ కౌంటర్లు, డీటీపీ షాపులు పెరిగాయి. కానీ కంప్యూటర్ విడిభాగం మంచిది కావాలంటే ఇప్పటికీ హన్మకొండో, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరో పోవాల్సిందే. జనగామ వాళ్లకు, మహబూబాబాద్ వాళ్లకు రైలుంది. భూపాలపల్లి వాళ్లకు పరకాల మీదుగా బస్సే. పోయి వచ్చే ఛార్జీలు, ఒక రోజు కూలీ కలుపుకుంటే, తప్పు విడిభాగం కొనుక్కొచ్చినవాడి పరేషానీ ఏంటో అర్థమవుతుంది. అందుకే ముందు అసలు విషయం తెలుసుకోవడం మంచిది.

దస్తర్‌ఖాన్ లెక్క

ర్యామ్ అంటే ఇంట్లో పరిచే దస్తర్‌ఖాన్ అనుకోండి. హార్డ్ డిస్క్ వంటింటి సామాన్ల గది. గదిలో ఎంత సామాన్ ఉన్నా, ఒక్కసారి పరిచి వడ్డించగలిగేది దస్తర్‌ఖాన్ పట్టినంతే. మీరు ప్రోగ్రామ్ తెరిస్తే అది డిస్క్ నుంచి ర్యామ్‌లోకి వస్తుంది. కరెంటు పోతే దస్తర్‌ఖాన్ మడతపడుతుంది, దాని మీద ఉన్నదంతా పోతుంది. సేవ్ చేయని ఫైలు ఎందుకు పోతుందంటే ఇందుకే.

దస్తర్‌ఖాన్ నిండిపోయి ఇంకో గిన్నె పెట్టాల్సి వస్తే? ఇప్పుడు ఎవరూ తినని గిన్నెను వంటింట్లోకి పంపి, జాగా చేస్తాం. కంప్యూటరూ అదే చేస్తుంది. వాడకంలో లేని భాగాలను డిస్క్ మీది పేజ్ ఫైల్‌లోకి నెట్టి, అవసరమైనప్పుడు మళ్లీ తెస్తుంది. అసలు చిక్కు ఇక్కడే. డీడీఆర్4 ర్యామ్ సెకనుకు దాదాపు 20 గిగాబైట్లు అందించగలదు. తిరిగే పళ్లెమున్న పాత హార్డ్ డిస్క్ వరుసగా చదివితే సెకనుకు 100 మెగాబైట్ల చుట్టూ ఉంటుంది. అక్కడొకటి ఇక్కడొకటి ఏరుకోవాల్సి వస్తే ఒక్కోదానికి పది మిల్లీసెకన్లు పడుతుంది. అందుకే మౌస్ గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, డిస్క్ లైటు ఆగకుండా మెరుస్తూ ఉంటుంది. జనం "హ్యాంగ్ అయింది" అనేది చాలాసార్లు ఈ రాకపోకలనే.

ఒక వాదం: సాఫ్ట్‌వేర్‌కు కొవ్వు పట్టింది

విండోస్ ఎక్స్‌పీ 2001లో వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ అడిగిన కనీస ర్యామ్ 64 మెగాబైట్లు, ఉంటే మంచిదన్నది 128. విండోస్ 7కు 1 గిగాబైట్. 2021 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 11కు కనీసం 4 గిగాబైట్లు. ఇరవై ఏళ్లలో కనీస అవసరం 64 రెట్లయింది. ఉత్తరం టైపు చేయడం, ఫారం నింపడం, ఫొటో సైజు తగ్గించడం మాత్రం అప్పటి పనులే. మరి ఈ మెమరీ అంతా ఎక్కడికి పోయింది అని అడిగేవాళ్లు తక్కువేం కాదు, అడిగేవాళ్లలో పెద్ద పండితులూ ఉన్నారు.

పాస్కల్ భాషను తయారు చేసిన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త నిక్లాస్ విర్త్ 1995లోనే దీనిపై వ్యాసం రాశారు. యంత్రాలు వేగం పుంజుకుంటున్న దానికంటే త్వరగా సాఫ్ట్‌వేర్ మందగిస్తోంది అన్నది దాని సారాంశం. దీనికే తర్వాత విర్త్ సూత్రం అని పేరొచ్చింది. తొందరపాటే మొదటి కారణం అని ఆయన అన్నారు. కంపెనీకి గడువు ఉంటుంది, చిన్నగా పొందికగా రాసే తీరిక ఉండదు, వినియోగదారుకు ఏది అవసరం ఏది హంగు అన్న తేడా తెలియదు, అన్నీ కలిపి మూట కడతారు. విర్త్ 2024 జనవరి 1న చనిపోయారు. ఆయన మాట ఇంకా పాతబడలేదు.

మన ఇళ్లలో అందరికీ తెలిసిన ఉదాహరణ వాట్సాప్. ఆధార్ కాపీ అయినా, నికాహ్‌నామా కాపీ అయినా నెట్ సెంటర్‌కు చేరేది దాని ద్వారానే. కంప్యూటర్‌లో నడిచే వాట్సాప్‌ను 2022లో విండోస్ కోసమే ప్రత్యేకంగా రాసి విడుదల చేశారు, అది తేలిగ్గా నడిచేది. 2025 చివర్లో దాన్ని పక్కనపెట్టి మళ్లీ వెబ్ పేజీనే యాప్ రూపంలో ఇచ్చారు. వెబ్ పేజీ నడవాలంటే వెనక ఒక బ్రౌజర్ ఇంజిన్ ఉండాలి, దాని బరువు మోయాలి. కంపెనీకి ఒకే కోడ్‌తో పని అవుతుంది, ఆ పొదుపు భారం 4 జీబీ కంప్యూటర్ ఉన్నవాడి మీద పడుతుంది. ఈ ఫిర్యాదులో న్యాయం ఉందనే నేను అనుకుంటాను.

తగ్గించాలనుకుంటే తగ్గించవచ్చు కూడా. మైక్రోసాఫ్ట్ తన టీమ్స్ యాప్‌ను 2023లో తిరగరాసి, పాతదానిలో సగం మెమరీతో, రెండింతల వేగంతో నడుస్తుందని ప్రకటించింది. ఆ కంపెనీ అధిపతి మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్లే కాబట్టి, ఆ సగం ముందే ఎందుకు తగ్గించలేదని మనం కాస్త చనువుగా అడగొచ్చు.

రెండో వాదం: ఖాళీ ర్యామ్ వల్ల లాభమేంటి?

అటువైపు వాదమూ తేలిగ్గా తీసిపారేసేది కాదు. డబ్బు పెట్టి కొన్న ర్యామ్‌లో సగం ఖాళీగా ఉంటే అది పరచని దస్తర్‌ఖానే. విండోస్ విస్టా నుంచి మీరు తరచూ వాడే ప్రోగ్రామ్‌లను సిస్టమ్ ముందే ఊహించి ర్యామ్‌లో పెట్టుకుంటుంది. మీరు క్లిక్ చేయగానే అవి తెరుచుకుంటాయి. జాగా వేరేదానికి కావాలంటే ఆ భాగాన్ని క్షణంలో వదిలేస్తుంది. కాబట్టి "70 శాతం నిండింది" అన్న అంకె చూసి భయపడాల్సిన పని లేదు.

క్రోమ్‌ను అందరూ తిడతారు. అది ర్యామ్ ఎక్కువ తినడానికి ఒక కారణం భద్రత. 2008లో వచ్చినప్పటి నుంచీ అది ట్యాబ్‌లను వేర్వేరు ప్రాసెస్‌లుగా నడుపుతోంది, ఒకటి కూలితే మిగతావి నిలబడేలా. 2018 జనవరిలో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డాక, ఒక వెబ్‌సైట్ ఇంకో వెబ్‌సైట్ సమాచారాన్ని మెమరీలోంచి దొంగిలించకుండా ఒక్కో సైటును ఒక్కో గోడ వెనక పెట్టింది. దానికి 10 నుంచి 13 శాతం మెమరీ అదనంగా పడుతుందని గూగుల్ స్వయంగా చెప్పింది. అంటే మీ బ్యాంకు పేజీకి, పక్క ట్యాబ్‌లో పిల్లాడు తెరిచిన ఏదో ఉచిత గేమ్ పేజీకి మధ్య ఉన్న గోడ ఖరీదు అది. ఆ ఖర్చు దండగ అనలేం.

ఈ వాదంలో నాకు అన్నిటికంటే బలంగా కనిపించేది వేరే ఉంది, దాన్ని అంకెలతో చెప్పేవాళ్లు తక్కువ. పాత సాఫ్ట్‌వేర్ సన్నగా ఉండేది నిజమే, కానీ దానికి మన భాషలు రావు. 1990లలో విండోస్‌లో నస్తాలీఖ్ లిపిలో ఉర్దూ రాయలేం, తెలుగు ఒత్తులు సరిగ్గా పడవు. అందుకే ఉర్దూకు 1994లో ఇన్‌పేజ్ వచ్చింది. పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ 1981లో కంప్యూటర్ కోసం తీర్చిన నూరీ నస్తాలీఖ్ అక్షరాల వేల కూర్పులను అది వాడుకుంది. తెలుగుకు అను ఫాంట్లు, పేజ్‌మేకర్ జత కుదిరింది. షాదీ కార్డులు, మదర్సా రసీదు పుస్తకాలు, ఇష్తెహార్లు ఎన్నో ఇలాగే అచ్చయ్యాయి.

ఇవాళ ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ కొనకుండా ఉర్దూ, తెలుగు పక్కపక్కనే టైపు చేస్తున్నామంటే యూనికోడ్, దాన్ని అర్థం చేసుకునే అక్షరాల ఇంజిన్, పెద్ద పెద్ద ఫాంట్ ఫైళ్లు సిస్టమ్‌లో భాగమయ్యాయి కాబట్టి. ఉర్దూలో ఒక అక్షరం పక్క అక్షరాన్ని బట్టి ఆకారం మారుతుంది, వాలుగా కిందికి దిగుతుంది. ఆ లెక్కంతా మెమరీలోనే జరగాలి. "పాత సాఫ్ట్‌వేరే బాగుండె" అనేవాళ్లు మన భాష లేని సాఫ్ట్‌వేర్‌ను మెచ్చుకుంటున్నామన్న సంగతి మరచిపోతుంటారు. ఉర్దూ తెలంగాణ అంతటా రెండో అధికార భాష అయింది 2017లో. పాత ఇన్‌పేజ్‌లో కొట్టిన ఉర్దూ దరఖాస్తును వెబ్‌సైట్ ఫారంలో అతికిస్తే పిచ్చి గీతలొస్తాయి, ఎందుకంటే అది యూనికోడ్ కాదు.

అయినా ఆ డీటీపీ షాపులవాళ్లను తప్పుపట్టలేం. ఇన్‌పేజ్ పాత వెర్షన్, పేజ్‌మేకర్ మాత్రమే నడిపే కంప్యూటర్‌కు 2 జీబీ ర్యామ్ దండి. దానికి ఇంటర్నెట్ కనెక్షన్ తీసేసి, పని అయ్యేదాకా వాడుకోవడంలో తెలివే ఉంది.

మూసేసేవాళ్లు, తెరిచి ఉంచేవాళ్లు

సాఫ్ట్‌వేర్ సంగతి కంపెనీల చేతిలో ఉంది, అలవాటు మన చేతిలో ఉంది. ఇందులోనూ రెండు జమాతులు. ఒకరు పని కాగానే అన్నీ మూసి, రాత్రి షట్‌డౌన్ చేసి, వీలైతే ప్లగ్ కూడా తీస్తారు. ఇంకొకరి దగ్గర ముప్పై ట్యాబ్‌లు, పది ఫైళ్లు వారం రోజులుగా తెరిచే ఉంటాయి. "మూస్తే మళ్లీ దొరకదు" అని వాళ్ల భయం.

తెరిచి ఉంచితే పేజీ భద్రంగా ఉంటుందన్నది ప్రభుత్వ వెబ్‌సైట్ల విషయంలో నిజం కాదు. స్కాలర్‌షిప్ దరఖాస్తైనా, షాదీ ముబారక్ ఫారమైనా, దోస్త్ ఆప్షన్లైనా లాగిన్‌కు గడువు ఉంటుంది. కొంతసేపు కదలిక లేకపోతే సర్వరే మిమ్మల్ని బయటికి పంపుతుంది, తెర మీద పేజీ మాత్రం ఏమీ కానట్టు కనిపిస్తుంది. సగం నింపి, నమాజ్‌కో భోజనానికో లేచి, వచ్చి సబ్మిట్ నొక్కితే మొదటికొస్తుంది. ఫారంకు కావాల్సినవన్నీ ముందు ఒక ఫోల్డర్‌లో సిద్ధం చేసుకుని, ఫొటోలు, కాపీల సైజు సరిచేసుకుని, అప్పుడు లాగిన్ అయి ఒకే ఊపులో ముగించడం మేలు. మళ్లీ కావాల్సిన పేజీకి బుక్‌మార్క్ చాలు. పొరపాటున మూసిన ట్యాబ్ కంట్రోల్, షిఫ్ట్, టీ మూడు మీటలు కలిపి నొక్కితే తిరిగి వస్తుంది.

క్రోమ్‌లో 2022 చివర్లో మెమరీ సేవర్ అనే సదుపాయం వచ్చింది. కొంతసేపు చూడని ట్యాబ్‌ను ర్యామ్‌లోంచి తీసేసి, మీరు తిరిగి నొక్కినప్పుడు మళ్లీ లోడ్ చేస్తుంది. 4 జీబీ కంప్యూటర్‌లో ఇది తప్పక ఆన్‌లో ఉండాలి. దరఖాస్తుల సైట్లను మాత్రం సెట్టింగ్స్‌లో ఎప్పుడూ చురుగ్గా ఉంచాల్సిన జాబితాలో చేర్చుకోండి.

మూసేసేవాళ్లకూ ఒక భ్రమ ఉంది. విండోస్ 8 నుంచి చాలా కంప్యూటర్లలో షట్‌డౌన్ నొక్కితే సిస్టమ్ పూర్తిగా ఆగదు. త్వరగా మొదలవడం కోసం లోపలి ముఖ్య భాగాన్ని డిస్క్‌లో అలాగే దాచి, రేపు దాన్నే లేపుతుంది. ఏదైనా డ్రైవర్ తప్పుగా మెమరీ పట్టుకుని కూర్చుంటే, రోజూ షట్‌డౌన్ చేసినా అది వదలకపోవచ్చు. అసలు శుభ్రపడేది రీస్టార్ట్‌తో. వారానికి ఒక్కసారి రీస్టార్ట్ చేసేవాడు, రోజూ షట్‌డౌన్ చేసేవాడికంటే ఈ విషయంలో ముందుంటాడు.

ఉమ్మడి కుటుంబంలో ఒకే కంప్యూటర్ ఉన్నచోట ఇంకో సంగతి చూడాలి. అన్న తన ఖాతాలో గేమ్, బ్రౌజర్ తెరిచి, సైన్ అవుట్ కాకుండా స్విచ్ యూజర్ నొక్కి లేచిపోతాడు. చెల్లె తన ఖాతాలోకి వచ్చి మాక్ టెస్ట్ మొదలుపెడుతుంది. అన్న తెరిచినవన్నీ ర్యామ్‌లో అలాగే ఉంటాయి. ఆమె "నేనేం తెరవలేదు, అయినా స్లో ఉంది" అంటుంది, ఆమె మాట అక్షరాలా నిజం. లేచేటప్పుడు సైన్ అవుట్ అవ్వాలన్న రూల్ ఒక్కటి ఇంట్లో పెడితే, ర్యామ్ కొనకుండానే సగం గొడవ పోతుంది.

ర్యామ్‌ను శుభ్రం చేస్తామనే ఉచిత యాప్‌ల జోలికి పోవద్దు. ఇవి చేసేది నడుస్తున్న ప్రోగ్రామ్‌ల సామాన్‌ను బలవంతంగా ర్యామ్ నుంచి బయటికి నెట్టడం. అంకె తగ్గుతుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. మరు నిమిషంలో అదే సామాన్ తిరిగి రావాలి, ఆ రాకపోకల్లో కంప్యూటర్ ఇంకా మందగిస్తుంది. కొన్ని యాప్‌లు ప్రకటనలు కూడా తెస్తాయి.

కొనేముందు చూడాల్సింది

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్, తర్వాత మెమరీ. ఇన్ యూజ్ అన్నది ఇప్పుడు వాడుతున్నది. అవైలబుల్ అన్నది కావాలంటే దొరికేది. మీరు రోజూ చేసే పనులన్నీ తెరిచి పెట్టి చూడండి. అవైలబుల్ ఒక గిగాబైట్ కంటే బాగా పైనే ఉంటే, మీ జబ్బు ర్యామ్ కాదు. అది రెండు మూడు వందల మెగాబైట్లకు పడిపోయి, అదే సమయంలో డిస్క్ 100 శాతం చూపిస్తుంటే ర్యామ్ చాలడం లేదని అర్థం. అవైలబుల్ బాగానే ఉండి డిస్క్ ఒక్కటే 100 చూపిస్తే, మార్చాల్సింది హార్డ్ డిస్క్. దాని బదులు ఎస్‌ఎస్‌డీ వేయిస్తే పాత యంత్రం కూడా లేచి నడుస్తుంది. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్‌కు ఒక్కదానికే డబ్బు ఉంటే, చాలా ఇళ్లకు నేను ముందు ఎస్‌ఎస్‌డీ అనే చెబుతాను. ర్యామ్ నిండినా రాకపోకలు అందులో చాలా వేగంగా సాగుతాయి.

భూపాలపల్లి వాళ్లు ఇంకోటి చూసుకోవాలి. బొగ్గు గనుల దుమ్ము ఫ్యాన్‌లో చేరితే ప్రాసెసర్ వేడెక్కి తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. లక్షణాలు ర్యామ్ తక్కువైనట్టే ఉంటాయి, మందు మాత్రం దుమ్ము దులపడమే. చెల్పూరు పక్కనే కరెంటు పుడుతున్నా ఎండాకాలం ఈదురుగాలికి అది పోకుండా ఉండదు. డెస్క్‌టాప్ ఉన్నవాళ్లకు చిన్న యూపీఎస్, ప్రతి పేరా తర్వాత కంట్రోల్, ఎస్ నొక్కే అలవాటు రెండూ ఉండాలి.

ర్యామ్ కొనాల్సిందే అనుకుంటే ఒక తనిఖీ తప్పనిసరి. కంప్యూటర్‌లో ఉన్నది 32 బిట్ విండోస్ అయితే అది 4 జీబీకి మించి వాడలేదు, నికరంగా 3 జీబీ పైచిలుకే చేతికొస్తుంది. అలాంటిదాంట్లో 8 జీబీ పెట్టించినా డబ్బు పోవడమే. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్‌లో ఈ సంగతి రాసి ఉంటుంది. డీడీఆర్3 ఉన్నచోట డీడీఆర్4 దిగదు, గాడులే వేరు. సన్నటి ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచే దారే లేదు. బయలుదేరే ముందు టాస్క్ మేనేజర్ మెమరీ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకుని పోండి. స్లాట్‌లు ఎన్ని, వేగం ఎంత అన్నవి అందులో ఉంటాయి.

బీటెక్‌లో చేరే పిల్లలకు కొత్తది కొంటే 4 జీబీ వైపు చూడొద్దు. మామూలు చదువుకు 8 సరిపోతుంది. ఫోన్ యాప్‌లు తయారు చేసే ఆండ్రాయిడ్ స్టూడియోకే 8 కనీసం, దాంతో ఎమ్యులేటర్ కూడా నడపాలంటే 16 కావాలి. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లకు కావాల్సిన ఖరీదైన మెమరీ వైపు తయారీ కంపెనీలు మళ్లడమే కారణం. మైక్రాన్ అయితే మన దుకాణాల్లో దొరికే తన క్రూషియల్ బ్రాండ్‌ను మూసేస్తామని 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. అందుకే ఇప్పుడు 8 జీబీదే కొన్నా, ఖాళీ స్లాట్ ఉన్నది కొనడం మేలు. ధర దిగినప్పుడు పెంచుకోవచ్చు.

విండోస్ 10 ఉన్న పాత యంత్రాల సంగతి చెప్పకుండా ఇది పూర్తి కాదు. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ర్యామ్ పెంచితే విండోస్ 11 ఎక్కుతుందని కొందరు అమ్ముతున్నారు, అది నిజం కాదు. అడ్డం పడేది ఎక్కువగా ప్రాసెసర్. ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచే లెక్కలోకి వస్తుంది, టీపీఎం 2.0 కూడా ఉండాలి. 16 జీబీ ర్యామ్ ఉన్నా ఆరో తరం ప్రాసెసర్‌ను అది ఒప్పుకోదు. ఇళ్లలో వాడేవాళ్లకు 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు పొడిగించుకునే వీలు ఇచ్చారు, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ బ్యాకప్‌కు ఒప్పుకుంటే డబ్బు కట్టకుండానే చేరవచ్చు.

లినక్స్ ఇంకో దారి. మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటివి 4 జీబీలో హాయిగా నడుస్తాయి, ఉర్దూ, తెలుగు టైపింగ్ అందులోనే ఉంటుంది, ఖర్చు లేదు. తెలుగులో ఫ్రీ సాఫ్ట్‌వేర్ కోసం హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ ఏళ్లుగా పనిచేస్తోంది. చదువుకు, బ్రౌజింగ్‌కు, ఉత్తరాలకు ఇది చాలు. ఇన్‌పేజ్, పేజ్‌మేకర్ మీద బతుకుతున్న షాపుకు మాత్రం పనికి రాదు. వేలిముద్ర పరికరాలు, కొన్ని ప్రింటర్లు కూడా విండోస్ డ్రైవర్లనే అడుగుతాయి. లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు, డిస్క్‌లో ఉన్నదేదీ చెరపకుండా. ప్రింటర్, వైఫై పనిచేస్తున్నాయో లేదో అప్పుడే తేలిపోతుంది, ఆ తర్వాతే పాత విండోస్‌ను తీయండి.